కురుపాం కొండల్లో వాతావరణాన్ని తట్టుకునే పశుపోషణ: ప్రైవేటు పెట్టుబడి తీరుతెన్నులు

వడగాడ్పులు వీచినా, వానలు గతి తప్పినా, తుపాను ముంచెత్తినా, వాటి వెంట తెగులు వచ్చినా మంద నిలిచేలా, కుటుంబానికి రాబడి తెగిపోకుండా పశువులను సాకే పద్ధతిని వాతావరణాన్ని తట్టుకునే పశుపోషణ అంటారు. ఎండకు ఓర్చే జాతులను ఎంచుకోవడం, మేత నిల్వ చేయడం, నీడ, నీరు, టీకాలు, బీమా, అమ్మకపు దారులు ఇందులో భాగాలు. ప్రభుత్వ బడ్జెటు నుంచి కాకుండా దీని కోసం వచ్చే సొమ్ము ప్రైవేటు పెట్టుబడి. రైతు సొంత డబ్బు, స్వయం సహాయక సంఘాల పొదుపు, పాల కంపెనీలు, మాంసం కంపెనీలు పెట్టే ఖర్చు, టీకా తయారీదారుల పెట్టుబడి, కార్బన్ నిధులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, దాతృత్వ సంస్థల సాయం ఈ లెక్కలోకి వస్తాయి. ప్రభుత్వ రంగ బ్యాంకు ఇచ్చిన అప్పు కూడా వాయిదా కట్టే కుటుంబం వైపు నుంచి చూస్తే ప్రైవేటు పెట్టుబడే. పశువు చచ్చినా ఆ బాకీ ఇంటిమీదే నిలుస్తుంది.

ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో వేసిన అంచనా ప్రకారం, మనిషి వల్ల వెలువడే హరితగృహ వాయువులలో 14.5 శాతం పశుపోషణ నుంచే వస్తున్నాయి. 2023లో సవరించిన అంచనాలో ఇది 12 శాతం. ప్రపంచంలో పశురంగానికి వచ్చే వాతావరణ పెట్టుబడిలో ఎక్కువ భాగం ఈ ఉద్గారాలను తగ్గించే యంత్రాలకూ, దాణాలకూ, పెద్ద ఫారాలకూ వెళ్తోంది. నాలుగు మేకలు, పది కోళ్లు ఉన్న ఇంటికి చేరేది స్వల్పం. ప్రపంచమంతటా లెక్కకు వచ్చిన వాతావరణ నిధులలో చిన్న రైతుల దాకా చేరింది 0.8 శాతమేనని అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధితో కలిసి చేసిన ఒక అధ్యయనం 2023లో తేల్చింది. కురుపాం లాంటి చోట ఈ విషయాన్ని పరిశీలించవలసిన అవసరం ఆ చిన్న సంఖ్యలోనే ఉంది.

ప్రాంతం, పశుసంపద

కురుపాం పార్వతీపురం మన్యం జిల్లాలోని మండల కేంద్రం, షెడ్యూల్డు తెగలకు కేటాయించిన శాసనసభ నియోజకవర్గం. 1979 వరకు ఈ ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలో, ఆ తర్వాత విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. ఒకప్పుడు ఇది జమీందారీ. మండలానికి ఒక వైపు తూర్పు కనుమల కొండలు, ఒడిశా సరిహద్దు. మరో వైపు నాగావళి పరీవాహకపు పల్లపు పొలాలు. కొండల మీద సవరలు, జాతాపులు, కొండదొరలు, గదబలు ఎక్కువగా ఉంటారు. పోడు పొలాల్లో చోళ్లు, సామలు, కందులు, వాలులపై జీడితోటలు, గెడ్డల పక్కన వరి ఇక్కడి సేద్యం. పార్వతీపురంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఈ ప్రాంతానికి ప్రధాన ప్రభుత్వ వ్యవస్థ.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు, మేకలు 55 లక్షలు, గేదెలు 62 లక్షలు, ఆవులు, ఎడ్లు కలిపి 46 లక్షలు, కోళ్లు 10.8 కోట్లు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఈ మొత్తాలు మైదానపు గొర్రెల మందలను, కోళ్ల ఫారాలను చూపుతాయే తప్ప కొండ పశుపోషణ తీరును చూపవు. కొండ మీద పశువు అంటే వాలులో నాగలి లాగే పొట్టి ఎడ్ల జత, గత్తం ఇచ్చే ఆవు, పండక్కీ పెళ్లికీ ఆపదకీ పనికొచ్చే మేకపోతు, పెరట్లో తిరిగే నాటుకోళ్లు, కొన్ని ఇళ్లలో పందులు. తూర్పు కనుమల ఆదివాసులలో చాలామంది సంప్రదాయంగా ఆవు పాలు పితికేవారు కారు. అవి దూడవేనని వదిలేసేవారు. పాల లీటర్లలో విలువ కట్టే పెట్టుబడిదారుకు ఈ ఆవు పనికిరానిదిగా కనిపిస్తుంది. గత్తం, దుక్కి, దూడ, ఆపద నాటి అమ్మకం లెక్కలో వేస్తే దాని విలువ వేరు.

ఈ పశువులలో చాలావాటికి నమోదైన జాతి పేరు లేదు. అయినా ఎండను ఓర్చుకోవడం, ఆకు అలములతో బతకడం, రాళ్ల దారిలో నడవడం తరాల ఎంపికతో వాటికి అబ్బాయి. ఒడిశా మల్కన్‌గిరి ప్రాంతపు మోటు ఆవు, గంజాం మేక జాతీయ జాబితాలో నమోదయ్యాయి. సరిహద్దుకు ఇవతల అదే నేలపై మేసే పశువులకు ఆ గుర్తింపు రాకపోవడం పెట్టుబడికి కూడా ఆటంకమే. పేరు, లక్షణాలు, రికార్డు లేని జాతిని నమ్మి పునరుత్పత్తి కేంద్రం పెట్టడానికి కంపెనీలూ బ్యాంకులూ ముందుకు రావు.

వేడి, వాన, తెగులు

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో విడుదల చేసే వడగాడ్పుల హెచ్చరికల్లో కురుపాం, కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస పేర్లు తరచూ కనిపిస్తున్నాయి. మన్యమంటే చల్లని ప్రదేశమన్న ఊహ అరకు, పాడేరు పీఠభూములకు సరిపోతుంది గాని ఈ తక్కువ ఎత్తు కొండల పాదాలకు సరిపోదు. గాలిలోని వేడినీ తేమనీ కలిపి లెక్కించే సూచీ 72 దాటగానే సంకరజాతి ఆవుల్లో మేత తినడం తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, చూడి నిలవదు. నల్లని చర్మం, తక్కువ స్వేద గ్రంథులు ఉన్న గేదె వేసవిలో పైకి కనిపించని మూగ ఎదకు వస్తుంది, ఆ ఏడాది ఈత తప్పుతుంది. కోడికి చెమట గ్రంథులే లేవు. నోరు తెరిచి ఎగపోసుకోవడం ఒక్కటే దానికి ఉన్న దారి. గాలి ఆడని షెడ్డులో వేల కోళ్లు ఒకేసారి చనిపోయేదీ, చెట్టు కింద తిరిగే పది కోళ్లు బతికేదీ ఇందువల్లనే. మెడ మీద ఈకలు లేని బోసిమెడ కోళ్లు వేడిని ఇంకా బాగా తట్టుకుంటాయి.

తుపానుల విషయానికి వస్తే 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ ఉత్తరాంధ్రను తాకాయి. తుపాను నష్టం చచ్చిన పశువులతో ఆగదు. గడ్డివాము తడిసి బూజుపడుతుంది, గెడ్డ పొంగి దారి తెగుతుంది, వారం పాటు సంత జరగదు, తడి నేలలో గొంతువాపు, జబ్బవాపు, చిటుక రోగం విజృంభిస్తాయి. వానల తర్వాత పెరిగే దోమల లాంటి చిన్న ఈగలు గొర్రెలకు నీలినాలుక రోగాన్ని మోస్తాయి. ఆవులకు వచ్చే ముద్దచర్మ వ్యాధి దేశంలో మొదట బయటపడింది 2019లో, పొరుగున ఉన్న ఒడిశాలోనే. ఇవికాక, 2018 తర్వాత ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు కొమరాడ, జియ్యమ్మవలస, కురుపాం పొలాల్లో తిరుగుతోంది. ధాన్యంతో పాటు పశువుకు దక్కవలసిన గడ్డీ పోతోంది. అడవి అంచుకు మందను తోలడానికి కాపరులు వెనకాడే పరిస్థితి వచ్చింది.

మేత భూమి తరిగిపోవడం వాతావరణంతో పాటు వచ్చిన మరో ఒత్తిడి. వాలుల్లో జీడి మొక్కలు నాటడం కొండ కుటుంబానికి నగదు తెచ్చింది. తోట చిన్నగా ఉన్న ఏళ్లలో అక్కడ పశువును మేపలేరు. తోట ముదిరాక నీడ కింద గడ్డి పలచబడుతుంది. పెట్టుబడి పథకాలు రాసేవారు జీడినీ మేకనీ వేర్వేరు కాగితాల మీద లెక్కవేస్తారు. కొండ మీద రెండిటికీ నేల ఒక్కటే.

పెట్టుబడికి ఉన్న పాత చరిత్ర

ఈ కొండలకు ప్రైవేటు సొమ్ము కొత్తేమీ కాదు. ఇక్కడికి ముందుగా వచ్చిన ప్రైవేటు పెట్టుబడిదారు మైదానం నుంచి కొండెక్కిన షావుకారు. గింజలకు, బట్టకు, ఉప్పుకు ఇచ్చిన అప్పు పెరిగి చివరకు పంట, పశువు, పొలం అతని పరమయ్యాయి. దీన్ని ఎదిరిస్తూ వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నాయకత్వంలో గిరిజన సంఘం పెరిగింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి వద్ద జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించారు. శ్రీకాకుళ గిరిజనోద్యమం సాయుధ మార్గం పట్టడానికి ఆ ఘటన మలుపు. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించే నిబంధన 1960 నుంచే ఉంది, అమలైంది తక్కువ. కురుపాం కొండల్లో బయటి సొమ్ము గురించి మాట్లాడే ఎవరైనా ఈ జ్ఞాపకం మీదుగానే నడవాలి.

రెండో పాఠం రాష్ట్రమంతటిదీ. విదేశీ, స్వదేశీ పెట్టుబడి నిధులు అండగా నిలిచిన సూక్ష్మరుణ కంపెనీలు 2000 తర్వాతి దశకంలో పల్లె మహిళలకు గేదెలు, మేకలు, చిన్న వ్యాపారాల పేరిట లక్షలాది అప్పులు ఇచ్చాయి. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ల మార్కెట్టుకు వెళ్లింది. వసూళ్ల ఒత్తిడిపై గగ్గోలు రేగి అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఈ వ్యవహారంలో తరచూ మరిచిపోయే సాంకేతిక విషయం ఒకటి ఉంది. ఆ అప్పుల వాయిదా వారం వారం కట్టాలి. మేక ఈనడానికే 150 రోజులు; పిల్ల అమ్మకానికి రావడానికి ఇంకో ఎనిమిది, పది నెలలు. పశువు ఇంకా రాబడి ఇవ్వకముందే వాయిదాలు మొదలైతే, ఆ వాయిదా కట్టడానికి పశువునే అమ్ముకోవలసి వస్తుంది.

మూడోది మంచి వారసత్వం. పశువులను పాలికి ఇవ్వడం తెలుగు పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. పశువు గలవారు ఆడ జీవాన్నో, కోడిపెట్టనో మరో ఇంటికి సాకడానికి ఇస్తారు. పుట్టిన పిల్లల్లో, పొదిగిన పిల్లల్లో ఇద్దరికీ చెరిసగం. తూర్పుగోదావరి ఏజెన్సీలో అసీలు కోళ్లను ఇలా పంచుకునే పద్ధతిని ఆంత్ర అనే పశువైద్యుల సంస్థ విస్తృతంగా నమోదు చేసింది. దీనిలో వడ్డీ లేదు, వాయిదా లేదు. పశువు చస్తే నష్టం ఇద్దరిదీ. మంద ఒకే చోట ఉండదు కాబట్టి ఒక ఊళ్లో తెగులు వచ్చినా మరో ఊళ్లో విత్తనం మిగులుతుంది. నష్టాన్ని పంచుకునే పెట్టుబడి ఎలా ఉండాలో ఆధునిక ఆర్థిక సంస్థలు ఇక్కడ నేర్చుకోవచ్చు.

వేడిని తట్టుకునే పశువుపై పెద్ద ప్రైవేటు పెట్టుబడి పెట్టిన ప్రపంచ ఉదాహరణకు తెలుగు నేలే మూలం. ఒంగోలు జాతి ఆవులను పందొమ్మిదో శతాబ్దం నుంచి బ్రెజిల్ పశుపోషకులు కొనుగోలు చేశారు. 1960ల మొదట్లో వెళ్లిన ఆబోతుల్లో ఒకటి ప్రకాశం జిల్లా కరవది పేరుతోనే అక్కడ ప్రసిద్ధమైంది. నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలిచే ఆ సంతతి నేడు బ్రెజిల్ మాంసపు మందలలో అత్యధికం. వేడి, పురుగు, పలచటి గడ్డి తట్టుకునే గుణమే అంత డబ్బును అటు లాగింది. అదే గుణం ఉన్న కొండ పశువు కురుపాంలో పేరు లేకుండా మేస్తోంది.

చట్టం గీసిన హద్దు

కొండ గిరిజన గ్రామాల్లో షెడ్యూల్డు ప్రాంతంగా ప్రకటించినవాటిలో భూమి గిరిజనేతరులకు చేరడానికి వీల్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో మరింత కట్టుదిట్టం చేశారు. ప్రైవేటు కంపెనీలకు అక్కడి భూమిని లీజుకు ఇవ్వడం కూడా చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1996 పెసా చట్టం గ్రామసభకు వనరులపై మాట చెల్లే అధికారం ఇచ్చింది. రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. అందువల్ల వంద ఎకరాల్లో ఫారం, సొంత మేత భూములు అనే మైదానపు నమూనా ఇక్కడ సాగదు. దీన్ని ఆటంకమని వాపోయేవారున్నారు. నిజానికి ఇదే ఈ ప్రాంతపు రక్షణ. పెట్టుబడి భూమి మీద కాకుండా పశువు మీద, టీకా మీద, రవాణా మీద, కొనుగోలు హామీ మీద పెట్టక తప్పని పరిస్థితిని ఈ చట్టాలు కల్పిస్తున్నాయి. వాతావరణ దెబ్బలకు కొండ కుటుంబం బలహీనంగా ఉన్నది కూడా సరిగ్గా ఈ చోట్లే.

కోడి

కొండ ఇంట్లో స్త్రీ చేతిలో ఉండే పశుసంపద కోడి. నాటుపెట్ట ఏడాదికి 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది, మూడు నాలుగు సార్లు పొదుగుతుంది. గుడ్ల సంఖ్య తక్కువైనా పొదిగే గుణం, గద్దను పసిగట్టే చురుకుదనం, వంటింటి మిగులు గింజలతో బతికే శక్తి దానికి ఉన్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ ఎక్కువ గుడ్లు పెడతాయి గాని పొదిగే గుణం తక్కువ. ప్రతిసారీ పిల్లను కొనుక్కోవాలి. పిల్లను కొనే ఏర్పాటు ఏటేటా సాగితే ఇవి మేలు చేస్తాయి. ప్రాజెక్టు ముగిసి పిల్లల సరఫరా ఆగితే ఇంట్లో కోడే మిగలదు.

పెట్టుబడి నిజంగా కావలసిన చోటు కొక్కెర తెగులు. ఏటా ఎండాకాలం ముందు ఈ తెగులు ఊళ్లకు ఊళ్లు కోళ్లను తుడిచిపెడుతుంది. టీకా ఖరీదు చాలా తక్కువ, పనితీరు తిరుగులేనిది. అయినా కొండ మీదికి చేరదు. ఒక్కో సీసాలో వంద డోసులకు పైగా ఉంటాయి. కలిపిన తర్వాత కొద్ది గంటల్లో వాడేయాలి. అప్పటిదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. పది ఇళ్ల గూడెంలో ఎనభై కోళ్లు ఉంటే సీసా ఎవరు కొంటారు, మంచుపెట్టె ఎవరు మోస్తారు అన్నదే చిక్కు. ఆస్ట్రేలియాలో రూపొందించిన వేడి తట్టుకునే ఐ-2 రకపు టీకా ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. అహ్మదాబాదుకు చెందిన హెస్టర్ బయోసైన్సెస్ అనే కంపెనీ, గాల్వ్‌మెడ్ అనే లాభాపేక్ష లేని సంస్థతో కలిసి పెరటి కోళ్ల టీకాలను చిన్న రైతులకు చేర్చే పని చేసింది. ఒడిశాలో కార్గిల్ కంపెనీ, హైఫర్ ఇంటర్నేషనల్ కలిసి హాచింగ్ హోప్ పేరిట పెరటి కోళ్ల కార్యక్రమం నడిపాయి. ఊళ్లోనే శిక్షణ పొందిన మహిళ డోసుకు రూపాయో రెండో తీసుకుని టీకా వేసే ఏర్పాటు నిలదొక్కుకుంటే, అది కొండ మీద సాధ్యమయ్యే అతి చిన్న ప్రైవేటు పశువైద్య సేవ. ఖర్చుకు ఫలితం పోల్చి చూస్తే కురుపాంలో దీన్ని మించిన పెట్టుబడి మరొకటి కనిపించదు.

2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద వెయ్యి తల్లికోళ్ల పెంపక కేంద్రానికి 25 లక్షల రూపాయల దాకా, అంటే మూలధనంలో సగం సబ్సిడీ ఇస్తారు. ఒంటరి కుటుంబానికి ఇది అందని లెక్క. మహిళా సంఘాల సమాఖ్య ముందుకు వచ్చి నాటు జాతినే ఎంచుకుంటే పనికొచ్చే పథకం.

మేక, గొర్రె

కొండవాలుకు మేక, పల్లపు పొలాలకు గొర్రె. కోత అయిన పొలాల్లో గొర్రెల మందను రాత్రిళ్లు కట్టించుకుని కాపరికి గింజలో డబ్బో ఇవ్వడం కోస్తా అంతటా ఉన్న ఆచారం. పేడకు జరిగే ప్రైవేటు చెల్లింపు ఇది. మేకకు అతి పెద్ద ముప్పు పారుడు రోగం. దేశంలో 1987లో తమిళనాడులో మొదట గుర్తించిన ఈ వ్యాధికి ఒక్క టీకాతో మూడేళ్ల దాకా రక్షణ దొరుకుతుంది. నట్టల మందు, పారుడు టీకా, ఎత్తయిన మంచె మీద పొడిగా ఉండే మేకల దొడ్డి – ఈ మూడూ ఉంటే తడి కాలంలో పిల్లల చావు గణనీయంగా తగ్గుతుంది. మంచె కింద రాలిన ఎరువు పొలానికి దక్కుతుంది.

రాష్ట్రంలో ఈ రంగానికి పెద్ద ఎత్తున సొమ్ము కదిలింది 2020 డిసెంబరు 10న మొదలైన జగనన్న జీవక్రాంతి పథకంతో. 2.49 లక్షల యూనిట్లు, సుమారు 1,869 కోట్ల రూపాయలు దాని అంచనా. ఒక్కో యూనిట్‌లో 14 ఆడ జీవాలు, ఒక పోతు. ఖరీదు 75 వేలు. 45 నుంచి 60 ఏళ్ల మహిళలు ప్రభుత్వ సాయం, బ్యాంకు అప్పు కలిపి కొనుక్కోవలసి ఉండేది. కొనుగోలు వైపున అల్లానా అనే మాంసం ఎగుమతి కంపెనీతో ఒప్పందం కుదిరింది. గొర్రెల్లో నెల్లూరు, మాచర్ల, విజయనగరం రకాలను, మేకల్లో స్థానిక రకాలను ఎంచుకునే వీలు ఉండటం మంచి నిర్ణయం. ఒక చోట పెరిగిన జీవాన్ని లారీలో వందల మైళ్లు తెచ్చి వేరే గడ్డి, వేరే నీరు, వేరే తెగుళ్ల మధ్య దింపితే తొలి వానకే చావులు మొదలవుతాయి. పది మైళ్ల లోపు సంతలో కొన్న మేక, చూపుకు చిన్నదైనా, బతికి పిల్లలు పెడుతుంది. అలమండ లాంటి పెద్ద పశువుల సంతలో దళారి చూపించే పుష్టి కన్నా ఆ దగ్గరితనానికే వాతావరణం దృష్ట్యా విలువ ఎక్కువ.

అమ్మకంలో తూకం లేకపోవడం పెట్టుబడిని మింగే మరో చోటు. కొండ సంతల్లో మేకను ఇంకా కంటి అంచనాతోనే కొంటారు. ఊరి సంఘం దగ్గర వేలాడదీసే తూకం ఒకటి ఉంటే చాలు, బేరం మారిపోతుంది. చోడిగడ్డి కోసే కత్తెర యంత్రం, పాతరగడ్డి సంచులు, అవిశ, మునగ, సుబాబుల్ మొక్కలు కూడా ఇలాంటి చిన్న ఖర్చులే. వీటికి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు సరిపోతాయి. 2014 ఏప్రిల్ నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు చేయాలి.

పాడి

పాడిలో ప్రైవేటు సొమ్ముకు ఆంధ్రలో కొదవ లేదు. హెరిటేజ్ 1992లో, దొడ్ల 1995లో మొదలయ్యాయి. 2017లో అమెరికాకు చెందిన టిపిజి సంస్థ తన రైజ్ నిధి ద్వారా దొడ్లలో 5 కోట్ల డాలర్లు పెట్టింది. సామాజిక ప్రయోజనాన్ని కూడా కొలుస్తామని చెప్పే నిధి తెలుగు పాల వ్యాపారానికి వచ్చిన పేరున్న ఉదాహరణ ఇది. తిరుపతిలో 2014లో మొదలైన శ్రీజ పూర్తిగా మహిళా రైతుల సొంత కంపెనీ. ఉత్తరాంధ్రలో విశాఖ డెయిరీ ప్రధాన కొనుగోలుదారు. ఇవన్నీ పల్లపు గ్రామాల్లో నడుస్తాయి. కొండ గూడేల్లో ఇంటికీ ఇంటికీ దూరం, పాలు తక్కువ, శీతలీకరణకు కరెంటు నమ్మకం లేదు. కురుపాం పల్లంలో గేదెల పాడికి నీడ, నీరు, పచ్చిగడ్డి మీద పెట్టుబడి పెడితే ఫలితం ఉంటుంది. కొండ మీదికి జెర్సీ ఆవును ఎక్కించడం మాత్రం అప్పును ఎక్కించడమే.

2020 జూన్‌లో కేంద్రం 15,000 కోట్లతో పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధిని ప్రకటించింది. ప్రాజెక్టు వ్యయంలో 90 శాతం దాకా అప్పు, వడ్డీలో 3 శాతం రాయితీ, రెండేళ్ల విరామం దాని ఆకర్షణలు. 2024లో దాన్ని పాడి నిధితో కలిపి 29,610 కోట్లకు పెంచారు. పాల శుద్ధి, మాంసం, దాణా కర్మాగారాలకు ఇది అనువుగా ఉంది. కర్మాగారం వచ్చేది పల్లంలోని పట్టణానికి. కొండకు దాని మేలు కొనుగోలు ధర రూపంలో మాత్రమే చేరగలదు.

పేడ, చెట్టు, కార్బన్

కార్బన్ మార్కెట్టు మన్యానికి పరిచయమైంది చెట్ల ద్వారా. డానోన్, ష్నైడర్ ఎలక్ట్రిక్, హెర్మెస్ వంటి ఐరోపా కంపెనీలు కలిసి 2011లో ఏర్పరచిన లైవ్లీహుడ్స్ కార్బన్ ఫండ్, నాంది ఫౌండేషన్‌తో కలిసి అరకు లోయలో సుమారు 6,000 హెక్టార్లలో 30 లక్షల దాకా పండ్ల, కాఫీ, అటవీ మొక్కలు నాటించింది. కంపెనీలు ముందుగా ఖర్చు పెట్టాయి. ప్రతిఫలంగా ఇరవై ఏళ్ల పాటు కార్బన్ క్రెడిట్లు తీసుకుంటాయి. మొక్క చస్తే నష్టం నిధిదే. పశుపోషణకు మేత చెట్ల రూపంలో ఇదే ఏర్పాటు అన్వయించవచ్చు.

పేడతో నడిచిన ఉదాహరణ తెలుగు మాట్లాడే కర్ణాటక సరిహద్దు తాలూకా బాగేపల్లిది. అక్కడ 5,500 కుటుంబాలకు రెండు ఘనమీటర్ల గోబర్‌గ్యాసు యూనిట్లు కట్టే కార్యక్రమం 2005 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి స్వచ్ఛాభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. కట్టెల పొయ్యి, కిరోసిన్ తగ్గినందుకు వచ్చిన క్రెడిట్ల సొమ్మే దానికి ఆధారం. రోజూ పేడ కావాలి కాబట్టి రెండు పశువులైనా కట్టేసి మేపే ఇళ్లకే ఇది నప్పుతుంది; పగలంతా అడవిలో తిరిగే మందకు నప్పదు.

ప్రకృతి సేద్యం పశువు విలువను మరో దారిలో పెంచింది. ఎకరాకు సరిపోయే 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలి. పార్వతీపురం మన్యంలో రైతు సాధికార సంస్థ, తోటపల్లి దగ్గరి జట్టు ట్రస్టు వంటివి ఈ సేద్యాన్ని విస్తరించాయి. ఆవు లేనివారికి ఘనజీవామృతం, కషాయాలు తయారుచేసి అమ్మే మహిళల దుకాణాలు వెలిశాయి. 2018 జూన్‌లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం, ఫ్రెంచి బ్యాంకు బిఎన్‌పి పారిబాతో కలిసి రాష్ట్ర ప్రకృతి సేద్యానికి 230 కోట్ల డాలర్లు సమకూర్చే లక్ష్యాన్ని ప్రకటించారు. కార్యక్రమం నడిచింది మాత్రం ప్రధానంగా ప్రభుత్వ నిధులు, అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ సాయం, జర్మనీ అభివృద్ధి బ్యాంకు రుణం మీద. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. పెద్ద ప్రైవేటు సొమ్ము ప్రకటనకూ అది పొలానికి చేరడానికీ మధ్య దూరం ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

మీథేను తగ్గించే దాణాల్లో బెంగళూరులోని జాతీయ పశు పోషకాహార సంస్థ 2021లో విడుదల చేసిన హరితధార 17 నుంచి 20 శాతం తగ్గింపు ఇస్తుందని చెబుతారు. దాణా కొనే పాడి రైతుకు ఉద్దేశించినది అది. అడవి మేతతో బతికే ఆవుకు దాని అవసరం రాదు.

బీమా

పశువుల బీమాలో రైతు వాటా 2024 సవరణతో ప్రీమియంలో 15 శాతానికి తగ్గింది. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ప్రీమియం భారం తగ్గినా క్లెయిము కష్టం తగ్గలేదు. చెవి పోగు ఉండాలి, చావును పశువైద్యుడు ధ్రువీకరించాలి. వానకాలంలో గెడ్డ దాటి గూడేనికి డాక్టరు చేరేలోగా కళేబరం మిగలదు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు 2022 నుంచి రాష్ట్రంలో తిరుగుతున్నాయి. దారి ఉన్నంత మేరకే అవి ఉపయోగం.

చచ్చిన పశువును లెక్కించకుండా వాతావరణాన్నే కొలిచే సూచీ బీమా దీనికి ప్రత్యామ్నాయం. కెన్యాలోని మార్సాబిట్‌లో 2010 జనవరిలో మొదలైన బీమాలో ఉపగ్రహం నుంచి పచ్చికను కొలిచి, అది నిర్ణీత స్థాయికి తగ్గితే ప్రైవేటు బీమా కంపెనీ పరిహారం చెల్లించింది. మన దగ్గర 2023లో కేరళ మలబారు మిల్మా సంఘం, భారత వ్యవసాయ బీమా సంస్థతో కలిసి ఆవులకు ఉష్ణోగ్రత ఆధారిత బీమా తెచ్చింది. వరసగా కొన్ని రోజులు వేడి హద్దు దాటితే క్లెయిము అడగకుండానే డబ్బు ఖాతాలో పడుతుంది. వడగాడ్పుల జాబితాలో తరచూ పేరు వచ్చే కురుపాం, కొమరాడలకు ఇది నేరుగా సరిపోయే నమూనా. మండలంలోని కొలత కేంద్రం పల్లంలో ఉండి మంద కొండ మీద ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి గూడేల దగ్గర అదనపు వాతావరణ కేంద్రాలు కావాలి.

రుణం

పశుపోషకులకు కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి అందుబాటులోకి వచ్చింది. షెడ్యూల్డు భూమిని వేలం వేసినా గిరిజనేతరుడు కొనలేడు కాబట్టి తాకట్టు పేరిట బ్యాంకులు కొండ రైతును వెనక్కి పంపడం చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. స్వయం సహాయక సంఘాలు, 2011లో ఏర్పడిన స్త్రీనిధి అనే మహిళా సంఘాల పరపతి సమాఖ్య ఆ ఖాళీని కొంత పూడ్చాయి. వాయిదాను వారానికో నెలకో కాకుండా పశువు అమ్మే కాలానికి, అంటే సంక్రాంతి, వేసవి పండగల సంతలకు కట్టుకునేలా పెడితే అప్పు మొండిబకాయి కావడం తగ్గుతుంది. తుపాను, వడగాడ్పుల ఏడాది వాయిదా దానంతట అదే వెనక్కి జరిగే షరతు కూడా ఒప్పందంలోనే రాయాలి. 2025 జనవరి 1 నుంచి వ్యవసాయానికి, అనుబంధ రంగాలకు తాకట్టు లేని అప్పు పరిమితిని రిజర్వు బ్యాంకు 1.6 లక్షల నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. జీవక్రాంతి ధర ప్రకారం చూసినా పదిహేను మేకల మంద, దొడ్డి, టీకాలు, బీమా అన్నీ ఈ పరిమితి లోపలే వస్తాయి. భూమి కాగితం లేదన్న కారణంతో కొండ కుటుంబానికి ఆ అప్పు నిరాకరించడానికి ఇక ఏ బ్యాంకుకూ ఆధారం లేదు.